ఇంజను నీళ్ళు

మొన్న ఆదివారం మా మనవరాలు సెల్‌ఫోను నా ముక్కుకు ఆనించినంత పని చేసి, "అవ్వా, ఇది చూడు" అంది. అద్దాలు సర్దుకుని చూశాను. నీలం రంగు చిన్న రైలొకటి కొండ అంచున పొగ వదులుతూ పాకుతోంది. వచ్చే నెలలో ఇంటిల్లిపాదికీ ఆ రైలుకి టికెట్లు తీసిందట.

"ఆవిరి ఇంజను అవ్వా! ఇంకా నడుస్తా ఉండాది. నువ్వు ఎప్పుడన్నా ఎక్కినావా?"

ఎక్కానా అని అడుగుతోంది నన్ను! ఫోనులో బొమ్మ కనిపిస్తుంది, కూత వినిపిస్తుంది, వాసన మాత్రం రాదు. అయినా నాకు వచ్చింది. కాలిన బొగ్గు, తడి నాచు, నీలగిరి తైలం చెట్లు, నువ్వుల నూనెలో తడిపిన ఇడ్లీలు, అన్నీ కలిసిన వాసన. వాటి అడుగున ఇంకొకటి కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

అప్పుడు మేం తమిళం మాట్లాడే సముద్రపు ఒడ్డు ఊళ్ళో, ఒర్లియంపేటలో ఉండేవాళ్ళం. ముందు మళిగ కొట్టు, వెనక ఇల్లు, ఇంటి వెనక బావి. కొట్లో పప్పులు, ధనియాలు, మిరియాలు, జీలకర్ర, ఇంగువ, చింతపండు. మా ఇంట్లో పుట్టిన పిల్లలకి పాల వాసన కంటే ముందు మిరపకాయల ఘాటు తెలిసేది. ఆ కొట్టుకి యజమాని మా నాయనే గానీ, ముక్కు మాత్రం మా అవ్వది. అవ్వంటే మా నాయనను కన్నతల్లి. సరుకు మూటలు దిగగానే నాయన ఒక్కో పిడికెడు తెచ్చి ఆమె అరచేతిలో పోసేవాడు. ఆమె వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవి వానకి తడిసి ఆరినాయి, వద్దను" అనేది. లేకుంటే "ఇవి నిరుటి మిరియాలు, కొత్తవని చెప్పి అంటగడతా ఉండాడు" అనేది. సరుకు తెచ్చినవాడు ఎదురు చెప్పగా నేను ఎన్నడూ వినలేదు.

ఆమెను ఓడించాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. కళ్ళు మూసుకోమని సోంపు, వాము కలిపి పెట్టేదాన్ని. ఒకసారి ఏమీ లేని అరచెయ్యి ముక్కు కింద పెట్టాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "పొద్దున పుట్నాల పప్పు డబ్బాలో చెయ్యి పెట్టినావు, బెల్లం కూడా గిల్లినావు" అంది. ఆ రోజు నుంచి పందెం మానుకున్నాను.

అవ్వకి ఒక పట్టుదల ఉండేది. తాత పోయిన నాటినుంచి మా బావిలో, తన చేత్తో తోడుకున్న నీళ్ళు తప్ప వేరే నీళ్ళు నోట పోసుకోలేదు. ఎవరింటికి పోయినా మంచినీళ్ళు వద్దు, కాఫీ వద్దు, సోడా అసలే వద్దు. గుళ్ళో తీర్థం మాత్రం తీసుకునేది. అది ఆమె చట్టంలో నీళ్ళ కిందికి రాదు. రైల్లో, బస్సులో పదిమందిని రాసుకుంటూ కూర్చుంటే మైల కాదా అని ఎవరైనా అడిగితే, "చక్రాల మీద మైల నిలవదు" అనేది. చట్టం ఆమెది, సవరణలూ ఆమెవే.

ఇంటి నుంచి కదిలితే వెంట ఇత్తడి మరచెంబు ఉండాలి. మెలితిప్పే మూత ఉండే ఆ చెంబులో ఒక పూటకి సరిపడా నీళ్ళు పట్టేవి. కాబట్టి అవ్వ లోకం కూడా ఒక పూట మేరకే ఉండేది. విలియనూరు తేరుకి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేది. మాసి మాసంలో వైతికుప్పం ఒడ్డున సముద్ర స్నానం చేసి, చెంబు ఖాళీ కాకముందే ఇల్లు చేరేది. అంతకు మించి ఎక్కడికీ లేదు.

ఆమెకి ఒక్కగానొక్క చెల్లెలు. కూనూరులో వ్యాపారం చేసుకునే ఇంటికి కోడలిగా పోయింది. మేం చిన్నవ్వ అనేవాళ్ళం, నేను మాత్రం ఆమెను చూసి ఎరగను. ఏటా ఆమే కొండ దిగి వచ్చేదట. తర్వాత గుండె జబ్బు పట్టుకుని, డాక్టరు కదలొద్దన్నాడు. ఏళ్ళు గడిచిపోయాయి. ఒక ఎండాకాలం ఉత్తరం వచ్చింది. నాయన గట్టిగా చదివాడు. "అక్కా, నేను దిగలేను. నువ్వు ఎక్కలేవా?" అని ఉంది చివర్లో.

ఆ పూట అవ్వ అన్నం సగంలో వదిలేసి లేచింది. మరునాడు పొద్దున్నే బావి గట్టున నిలబడి, "ఒరే నాయనా, మనింట్లో మరచెంబులు ఎన్ని ఉండాయి?" అని అడిగింది.

రెండు ఉన్నాయి. లెక్క కుదిరింది. ఒక చెంబు రాత్రి రైలుకి, ఒక చెంబు కొండ రైలుకి. పైన చిన్నవ్వ పెరట్లో బండ మీంచి ఊట పడుతుంది కాబట్టి అక్కడ తనే పట్టుకుంటుంది, చెల్లెలి కోసం చట్టానికి అదొక సవరణ. వారం రోజులు ఇల్లంతా వంటలే. మురుకులు, ఎండు కొబ్బరి పొడి, పోళీలు, పులిహోర. చిన్నవ్వకి అని మా ఊరి అప్పడాలు ఒక కట్ట. మా అమ్మకి నెలలు నిండుతుండటంతో ఆమె ఇంట్లోనే ఉండిపోయి, నాయన, అవ్వ, నేను బయల్దేరాం.

రెండు రైళ్ళు మారి, తెల్లారేసరికి మేట్టుపాళయంలో దిగాం. అప్పటికి నాకు ఎత్తంటే మా ఊరి లైట్‌హౌసే. అక్కడ ప్లాట్‌ఫారం మీద నిలబడి తలెత్తితే ఆకాశంలో సగం నల్లగా ఉంది. మబ్బనుకున్నాను. "అది కొండ" అన్నాడు నాయన.

కొండ రైలు ఎంత ముద్దుగా ఉందంటే, ఎత్తుకుపోదామా అనిపించింది. ఇరుకు పట్టాలు, పొట్టి పెట్టెలు, చెక్క బల్లలు. ఒక్కో పెట్టెకీ ముందు చిన్న వసారా, దాని మీద పచ్చజెండా, ఎర్రజెండా పట్టుకున్న మనిషి. మాకు చిట్టచివరి పెట్టెలో చోటు దొరికింది. దాని వెనకే ఇంజను బుసలు కొడుతోంది.

"ఏంది నాయనా ఇది! ఇంజను ఎనక తగిలించినారే? మరిచిపోయినారా?" అంది అవ్వ.

"లేదమ్మా. కొండ ఎక్కేటప్పుడు అది లాగదు, ఎనకుండి తోస్తాది. పెట్టెలు జారకుండా."

అవ్వ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. "అదే మేలు. ముందుండి లాగేవాడికి ఎనక పడినోళ్ళు కనపడరు" అంది.

బయల్దేరాం. మొదట వక్క తోటలు. తర్వాత పట్టాల నడుమ పళ్ళ పట్టా ఒకటి మొదలైంది, రంపం పళ్ళలా. ఇంజను కింద ఉన్న పళ్ళ చక్రం దాన్ని కొరుక్కుంటూ కొండ ఎక్కుతుంటే కటకటమని చప్పుడు బల్లలోంచి నా పళ్ళదాకా వచ్చింది. మనిషి పరుగు కంటే నెమ్మది. అంత నెమ్మది కాబట్టే అన్నీ కనపడ్డాయి. చెయ్యి చాస్తే అందే ఫెర్న్ ఆకులు. బండల మీంచి దారంలా జారే నీళ్ళు. వంతెన మీదికి వచ్చేసరికి కాళ్ళ కింద ఏమీ లేదు, ఎంతో లోతున ఒక చెట్టు చిటారుకొమ్మ మాత్రం. వంపు తిరిగినప్పుడు కిటికీలోంచి తొంగిచూస్తే మా వెనక ఇంజనూ, దాని పొగా, పొగలో ఎండా కనిపించేవి. ఇన్నేళ్ళలో ఎన్నో చూశాను. అంత అందం మళ్ళీ చూశానని చెప్పలేను.

సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరం గొంతు చించుకుని అరిచేవాళ్ళం. పెద్దవాళ్ళూ అరిచారు. మా నాయన కూడా అరవడం నేను విన్నాను. కొట్లో అంత గంభీరంగా కూర్చునే మనిషి!

అవ్వ బల్ల మీద, నాకూ ఆమెకూ మధ్య, రెండో మరచెంబు ఉంది. "దీన్ని కాపలా కాయి. ఎవురినీ తాకనీబాక. నువ్వు కూడా తాకబాక, స్నానం చెయ్యలేదు" అని నాకు అప్పగించింది. మొదటి చెంబు రాత్రే అయిపోయింది. తెల్లారినప్పటినుంచి అవ్వ చుక్క నీళ్ళు తాగలేదు. కొండ మీద కాస్త తాగి, ఉన్నదాన్ని కూనూరు దాకా పొదుపు చెయ్యాలని ఆమె పథకం.

అప్పుడే నాయన ఇడ్లీల పొట్లం విప్పాడు. కారప్పొడి, నువ్వుల నూనె. మా ఇంటి కారప్పొడి గురించి ఊరందరికీ తెలుసు. మూడో ఇడ్లీకి నా చెవుల్లోంచి పొగ వచ్చింది. మా తాగేనీళ్ళ కూజా చూస్తే ఖాళీ. "ముందర ఇంజను నీళ్ళకి ఆగుతాది, అక్కడ పట్టుకుందాం. ఓర్చుకో" అన్నాడు నాయన.

ఓర్చుకునేదాన్నే. మధ్యలో సొరంగం వచ్చింది.

చీకటి. అందరూ అరుస్తున్నారు. నా చెయ్యి దానంతటదే చెంబు మూత తిప్పింది. ఎత్తి పోసుకుందామనుకున్నాను. బండి ఊగుతోంది, చీకట్లో గురి కుదరలేదు. మూతి కరుచుకుని గటగటా తాగేశాను. వెలుతురు వచ్చేసరికి మూత బిగించేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అవ్వ చూడలేదు. గుండె కుదుటపడింది. ఆ తర్వాత రెండు వంపులకి అవ్వకి కళ్ళు తిరిగాయి. మొహం తెల్లగా పాలిపోయింది. "నాయనా, ఒక గుక్క తాగుతా" అంటూ చెంబు తీసుకుని మూత తిప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు. అవి నా ఎంగిలి నీళ్ళు. ఇన్నేళ్ళ అవ్వ నియమం ఆ గుక్కతో మంటగలుస్తుంది, అదీ నా వల్ల. చెబితే అందరి ముందూ నా వీపు పగులుతుంది. చెప్పకపోతే పాపం. ఆ వయసు పిల్లకి మూడో దారి ఒకటే తోచింది. బండి కుదుపుకి తూలినట్టు నటించి, మోచేత్తో చెంబుని తోసేశాను.

నీళ్ళన్నీ పెట్టె నేల మీద పారి, తలుపు సందులోంచి కొండ మీదికి పోయాయి.

అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బోర్లాపడ్డ చెంబు వైపు చూస్తూ, "దేవుడు వద్దంటా ఉండాడు" అంది. "ముందర స్టేషన్లో దిగేద్దాం నాయనా. కిందికి పోయే బండి వస్తాది కదా. ఇంటికి పోదాం."

"అమ్మా! చిన్నమ్మ దినాలు లెక్కబెట్టుకుంటా ఉంటాది. ఇంక రెండు గంటలేనమ్మా."

"రాతలో లేదు. నీళ్ళు ఒలికిపోతే ఎట్టా పోయేది?" ఆమె గొంతు ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు. కళ్ళు మూసుకుంది. ఆ మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మా అవ్వ ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నోరు తెరిచి నిజం చెప్పేద్దామని మూడుసార్లు అనుకున్నాను. మూడుసార్లూ నోరు రాలేదు.

బండి ఆగింది. అడవి మధ్యలో ఒంటరి స్టేషను. పైకప్పు నిండా కోతులు. జనం దిగి ఒళ్ళు విరుచుకుంటున్నారు. ఇంజను పెద్ద గొట్టం కింద నిలబడి నీళ్ళు తాగుతోంది. నాయన ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగి బావి ఉందా అని అందరినీ అడుగుతున్నాడు. కొళాయి ఉందన్నారు. కొళాయి నీళ్ళు అవ్వకి పనికిరావు. ఆమె అప్పటికే మూట సర్దుకుంటోంది.

ఇదంతా ఇంజను పక్కన నిలబడి ఒక మనిషి వింటున్నాడు. బొగ్గు వేసే మనిషి. తలకి తువ్వాలు, మెడలో నల్లతాడు, మొహమంతా మసి. మా కిటికీ కిందికి వచ్చి, అవ్వను తమిళంలో పాటీ అని పలకరించాడు.

"పాటియమ్మా, బావి నీళ్ళే కావాలా? మా ఇంజను తాగే నీళ్ళు పనికిరావా? కొండ బండలోంచి నేరుగా వస్తాయి."

అవ్వ కళ్ళు తెరిచింది. ఆమె తమిళం మా అందరికంటే బాగుండేది. "ఎవరి చెయ్యి తగులుతాది?" అని అడిగింది.

"చెయ్యెక్కడమ్మా? గొలుసు లాగితే గొట్టంలోంచి పడతాయి. ఆ పైన నిప్పు మీద సలసలా కాగుతాయి. ఈ కొండ మొత్తంలో అంత మడి నీళ్ళు నాకు తెలియవు."

అవ్వ కొట్లో సరుకు పరీక్షించేటప్పటి మొహం పెట్టింది. నిప్పు, బండ, గొలుసు, అన్నీ తూకం వేసుకుంది. చివరికి ఆమె, "నిప్పుకి మైల లేదు" అంది. చెంబు నా చేతికిచ్చి, "పో, పట్టుకురా. ఈసారి ఒలకబోయబాక" అంది.

ఆ మనిషి వెంట ఇంజను దగ్గరికి పోయాను. లోపల నిప్పుల గది తలుపు తెరిచి ఉంది. ఆ సెగకి నా మొహం చురుక్కుమంది. దాని ఎదురుగా నిలబడి రోజంతా బొగ్గు వేస్తాడా ఈయన అనుకున్నాను. ఇంజను కొళాయి తిప్పుతాడని చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఆయన తిప్పలేదు. వంగి, మెల్లగా చెప్పాడు.

"ఇంజను నీళ్ళు మనుషులు తాగకూడదు పాపా. తుప్పు, చమురు, ఏవేవో మందులు ఉంటాయి."

కొక్కేనికి వేలాడుతున్న అల్యూమినియం క్యాను తీశాడు. అది ఆయన ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ళు. వేడిగా ఉండటానికి నిప్పుకి దగ్గరగా పెట్టుకున్నట్టున్నాడు. మూత తీసి, అవ్వ చెంబు నిండేదాకా, తన క్యాను అడుగంటేదాకా పోశాడు. తర్వాత మసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"పాటి ఊరు చేరాలి. చెప్పకు."

ఆయన కులం ఏమిటో, మతం ఏమిటో, పేరేమిటో నాకు తెలియదు. మా అవ్వ చట్టంలో ఆ నీళ్ళు ఎన్ని రకాలుగా పనికిరావో మాత్రం తెలుసు. వేడి చెంబుని గౌను అంచుతో పట్టుకుని నడుచుకుంటూ వచ్చాను. ఒక తప్పు దాచడానికి ఇంకొకటి. అయినా ఒలకబోయలేదు.

అవ్వ మూత తిప్పింది. ఎత్తి ఒక గుక్క నోట్లో పోసుకుంది. మింగలేదు. కళ్ళు మూసుకుని నోట్లోనే ఉంచుకుంది. తర్వాత కళ్ళు తెరిచి నన్ను చూసింది, కిటికీ కింద నిలబడ్డ మనిషిని చూసింది. మింగింది. మరో గుక్క. ఇంకో గుక్క. సగం చెంబు తాగి, "శాన బాగుండాయి ఇంజను నీళ్ళు" అంది.

మూట విప్పి నాలుగు పోళీలు, దోసెడు మురుకులు తీసింది. అవ్వ బయటివాళ్ళకి ఏమిచ్చినా చెయ్యి ఎత్తి, తగలకుండా పైనుంచి వేసేది. ఆ రోజు కిటికీలోంచి వంగి, ఆ మసి అరచేతిలో తన చెయ్యి ఆనించి పెట్టింది. నేను చూశాను గానీ, అప్పుడు దాని గురించి ఆలోచించే వయసు కాదు. బండి కూతవేసింది. పైకే పోయాం.

కూనూరు ప్లాట్‌ఫారం మీద చిన్నవ్వ శాలువా కప్పుకుని బల్ల మీద కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. తర్వాత చిన్నవ్వ, "ఎట్టా వచ్చినావక్కా? నీళ్ళకేం చేసినావు?" అని అడిగింది. అవ్వ ఇంజను వైపు చూపించింది. పదిహేను రోజులున్నాం. రాత్రీ పగలూ వాళ్ళ మాటలు తెగలేదు. ఆ ఏడాది వానాకాలంలో చిన్నవ్వ పోయింది. చూసి వచ్చాను, చాలు, అనేది అవ్వ.

ఆ ప్రయాణం తర్వాత ఆమె చట్టానికి కొత్త సవరణ వచ్చింది. ఎవరింటి నీళ్ళయినా సరే, నిప్పు మీద కాగితే చాలు. అట్లా తిరుపతి చూసింది, రామేశ్వరం చూసింది, కాశీకి కూడా పోయివచ్చింది. ఇంట్లో తను తాగడానికి రోజూ జీలకర్ర వేసి నీళ్ళు కాచుకునేది. వాటికి ఇంజను నీళ్ళు అని పేరు పెట్టింది. వేడిగా ఉంటాయని అట్లా అంటుందనుకునేదాన్ని.

నా మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చినప్పుడు ఆ నీళ్ళే నాకూ ఇచ్చేది. ఒక మధ్యాహ్నం, బిడ్డ ఉయ్యాలలో నిద్రపోతుంటే, ఇక దాచలేక అంతా చెప్పేశాను. సొరంగం, ఎంగిలి, మోచెయ్యి, క్యాను. అవ్వ వెల్లుల్లి ఒలుస్తూ విన్నది. తర్వాత నవ్వింది.

"చెంబు మూతికి కారప్పొడి నూనె అంటించి పెట్టినావు కదే. మూత తిప్పతానే వాసన కొట్టింది. నాకు ముక్కు లేదనుకున్నావా?"

"మరి ఆ నీళ్ళు?"

"జీలకర్ర. కొత్త జీలకర్ర, చిటికెడు ఎక్కువే ఏసింది ఆ ఇల్లాలు. జీలకర్ర అమ్మి బతికే ఇంటిదాన్ని నేను. ఇంజనులో జీలకర్ర ఎవురు పోస్తారే, పిచ్చిదానా!"

"తెలిసి ఎందుకు తాగినావు అవ్వా?"

ఆమె చేతులు ఆగాయి. "నోట్లో పెట్టుకొని మీ ఇద్దురినీ చూసినా. నువ్వు ఏడ్చే మాదిరి నిలబడుండావు. ఆ యప్ప కూడా అట్టానే నిలబడుండాడు. నన్ను నా చెల్లెలికాడికి చేర్చాలని ఇద్దురూ అబద్ధమాడతా ఉండారు. ఉమ్మేస్తే అది ఎవురి మొహాన పడేది?"

వెల్లుల్లి పొట్టు ఊదేసి, మళ్ళీ అంది. "ఒగటే మనసుకి పట్టదు నాకు. నిప్పు ముందర నిలబడే మనిషి తన నీళ్ళన్నీ నాకు పోసేసినాడు. కొండ ఎక్కేదాకా ఆ యప్ప ఏం తాగినాడో. నేను అడగనే లేదు."

ఇప్పుడు రెడ్డియార్‌పాళయంలో మా ఇంటికి క్యాను నీళ్ళు వస్తాయి. ఎవరు నింపారో, ఎక్కడ నింపారో ఎవరికీ తెలియదు, అడగం. మనవరాలు ప్రయాణానికి నీళ్ళ సీసాలు అట్టపెట్టెడు కొనిపెట్టింది. నేను అటక మీంచి మరచెంబు దింపించి, చింతపండుతో తోముతూ కూర్చున్నాను.

"అంత బరువు ఎందుకు అవ్వా? నీళ్ళు ఉండాయి కదా" అంది.

"ఇవి మనకి కాదు" అన్నాను.

బయల్దేరే రోజు జీలకర్ర వేసి నీళ్ళు కాచి, అందులో నింపుతాను. చివర్లో చెబుతానన్న వాసన ఇదే. ఆ రైలు అడవిలో నీళ్ళకి ఆగినప్పుడు దిగి, వెనక ఇంజను దాకా నడుస్తాను. మోకాళ్ళు ఒప్పుకోకపోయినా నడుస్తాను. అక్కడ నిప్పు ముందు నిలబడి ఉన్న మనిషి ఎవరైనా సరే, చెంబు చేతికిచ్చి, మా అవ్వ అడగడం మరిచిపోయిన మాట అడుగుతాను. దాహంగా ఉందా నాయనా, అని.